కైమోగ్రాఫ్ కనిపెట్టింది షెర్రింగ్టన్ కాదా? ఈ కార్ల్ లుడ్విగ్ ఎవరో కాస్త చెప్పండి

రెండో_అటెంప్ట్
సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. నేను ఎంబీబీఎస్ ఫస్టియర్. ఇవాళ ఫిజియాలజీ వైవాలో నా పరువు పోయింది. బల్ల మీద పాత కైమోగ్రాఫ్ డ్రమ్ము పెట్టారు, అదే, కండరం కదలికల్నీ రక్తపోటునీ కాగితం మీద గీతగా గీసే యంత్రం. మా ల్యాబులో ఇప్పుడు దాన్ని ఎవరూ వాడరు, అద్దాల బీరువాలో ఉంటుంది. "ఇది కనిపెట్టింది ఎవరు?" అన్నారు సార్. అందరూ దాన్ని షెర్రింగ్టన్ డ్రమ్ము అంటారు కదా అని "షెర్రింగ్టన్ సార్" అనేశాను. సార్ నవ్వి, "కార్ల్ లుడ్విగ్. సరే, ఆయన చేసిన ఇంకో పని ఏదైనా చెప్పు, వదిలేస్తా" అన్నారు. నోరు పెగల్లేదు.

హాస్టల్‌కొచ్చి గైడు తిరగేస్తే ఆయన పేరు ఒకే ఒక్క లైనులో ఉంది. పాస్ మార్కుల టెన్షన్ ఎలాగూ ఉంది. దానికి మించి, ఎవరీయన అన్నది నిద్ర పట్టనివ్వట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మసి_డ్రమ్ము
సోమవారం, రాత్రి 11:15

బాబూ, పడుకోబోతూ నీ పోస్టు చూశాను. నేను డాక్టర్ని కాను. 31 ఏళ్ళు ఫిజియాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఆయన చరిత్ర పెద్దవాళ్ళెవరైనా చెబుతారు. డ్రమ్ము సంగతి నేను చెబుతా.

ప్రాక్టికల్ ఉన్న రోజు పొద్దున ఏడింటికే ల్యాబు తెరిచేవాళ్ళం. గ్లేజుడు కాగితాన్ని నున్నటి వైపు పైకి వచ్చేలా డ్రమ్ముకి బిగించి చుట్టి, అంచుకి జిగురు రాయాలి. అతుకు ఏ వైపుకి ఉండాలో కూడా లెక్కే. ఎదురుగా వస్తే గీత గీసే ముల్లు దానికి తగిలి ఎగిరిపోతుంది. తర్వాత వెడల్పాటి వత్తి ఉన్న కిరసనాయిలు దీపం. దాని మీద డ్రమ్మును ఆపకుండా చేత్తో తిప్పాలి. ఆగితే కాగితం మాడుతుంది, తొందరపడితే మసి పలచన. కాటుకలా మెత్తగా, అంతటా ఒకేలా పట్టాలి. మరీ మందంగా పట్టినా ముల్లు ఈడ్చుకుపోయి గీత మొద్దుబారుతుంది. ముప్పై డ్రమ్ములు అయ్యేసరికి ముక్కు చీదితే నల్లగా వచ్చేది. మా ఆవిడ నా చొక్కాలు వేరే బకెట్లో నానబెట్టేది.

పిల్లలు కప్ప కాలి కండరాన్ని ముల్లున్న మీటకి కట్టి కరెంటు ఇస్తే ముల్లు ఒక్కసారి లేచి పడేది. నల్లటి మసిలో సన్నటి తెల్ల గీత. దాని కింద గుండుసూదితో రోల్ నంబరు, తారీఖు మసిలోనే రాసుకునేవాళ్ళు. ఆ పైన కాగితం కోసి, స్పిరిట్‌లో లక్క కరిగించిన ట్రేలోంచి ఒక్క ఊపులో లాగి, తాడు మీద క్లిప్పు పెట్టి ఆరేయాలి. ట్రే దాకా వెళ్ళేలోపు ఎవరి మోచెయ్యో తగిలిందా, పొద్దుటి కష్టమంతా తెల్లకోటు మీదికి వచ్చేసేది. ఏడ్చిన పిల్లల్ని చూశాను.

షెర్రింగ్టన్, స్టార్లింగ్ (ఇద్దరూ ఇంగ్లండ్ శరీరధర్మ శాస్త్రవేత్తలు) అన్నది మన కాలేజీలకొచ్చిన మోటారు డ్రమ్ము పేరు. అసలు ఆలోచన జర్మనీ ఆయనదని మా ప్రొఫెసర్‌గారు ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవారు.

మత్తు_డాక్టర్
మంగళవారం, ఉదయం 6:05

మసి_డ్రమ్ము గారూ, నా తెల్లకోటు మీద కూడా అంటింది ఒకసారి. ఆ రోజు ల్యాబులో మీరున్నా ఆశ్చర్యం లేదు!

నేను అనస్థీషియా డాక్టర్ని. తమ్ముడూ, నీకు లుడ్విగ్ గీసిన గీత గురించి చెబుతాను. ఆయన ముఖం ఎవరికీ గుర్తు లేదు గానీ ఆ గీత నా కళ్ళ ముందు రోజూ తిరుగుతుంది.

రక్తం ఒత్తిడిని మొదట కొలిచినవాడు ఇంగ్లండ్‌లో ఒక చర్చి ఫాదరీ, స్టీఫెన్ హేల్స్. ఆడగుర్రాన్ని పడుకోబెట్టి కట్టేసి, కాలి ధమనిలో ఇత్తడి గొట్టం గుచ్చి, దానికి నిలువుగా గాజు గొట్టం తగిలించాడు. రక్తం 8 అడుగుల 3 అంగుళాల ఎత్తు ఎక్కింది. 1733లో అచ్చయింది ఆ వివరం. నిచ్చెన వేసుకుని చదవాల్సిన కొలత! 1828లో ఫ్రాన్సులో పొయిజెయ్ దాన్ని చిన్నది చేశాడు. పాదరసం నీళ్ళకంటే 13.6 రెట్లు బరువు కాబట్టి లాడం ఆకారపు చిన్న గొట్టంలో పాదరసం పోస్తే సరిపోయింది. మనం ఈనాటికీ బీపీని మిల్లీమీటర్లలో చెప్పడం అక్కడి నుంచే.

కానీ గుండె కొట్టుకున్నప్పుడల్లా పాదరసం ఎగిరెగిరి పడుతుంది. ఒక అంకె చూసి కలం తీసి రాసుకునేలోపు గుండె ఇంకో నాలుగుసార్లు కొట్టేస్తుంది. లుడ్విగ్ ఏం చేశాడంటే, పాదరసం మీద ఒక తేలే ముక్క వేశాడు. ఆ ముక్కకి నిలువు పుల్ల, పుల్లకి కలం. కలం ముందు గడియారపు యంత్రంతో నిదానంగా తిరిగే డ్రమ్ము, దాని మీద కాగితం. అంతే. 1846 డిసెంబర్, మార్బుర్గ్ ఊరు. ఆయనకి 30 ఏళ్ళు నిండుతున్నాయి. అప్పటినుంచీ రక్తపోటు తన కథ తనే రాసుకోవడం మొదలెట్టింది, మనిషి చూసి రాసే పని పోయింది.

ఇంకొక్కటి. ఆ యంత్రంతో ఆయన వేసిన మొదటి పేపరు (1847) దేని మీదో తెలుసా? ఊపిరి తీసే కదలికల వల్ల ధమనిలోని రక్తపోటు ఎలా మారుతుందన్నది. నిన్న మధ్యాహ్నం ఒక పెద్ద ఆపరేషన్‌లో పేషెంటు మణికట్టు ధమనిలో సన్న గొట్టం పెట్టి మానిటర్‌కి కలిపాం. ఎర్ర గీత గుండెతో పాటు లేస్తూ పడుతూ ఉంది, వెంటిలేటర్ గాలి ఊదినప్పుడల్లా ఆ శిఖరాలన్నీ కలిసి మెల్లగా పైకీ కిందికీ ఊగుతున్నాయి. ఆ ఊపు ఎక్కువగా ఉంటే ఒంట్లో నీరు తక్కువైందేమోనని అనుమానిస్తాం. అలాగే అనుమానించి సెలైన్ పెంచాం, ఊపు తగ్గింది. 1847 నాటి పేపరు సారమే అది.

ఎందుకు_కాదు
మంగళవారం, ఉదయం 9:30

అంతా బాగుంది. ఆ గుర్రాలు, కుక్కల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. బతికున్న జంతువు ధమని కోసి గొట్టం పెట్టినవాడికి మనం హారతులు పడుతున్నాం.

మత్తు_డాక్టర్
మంగళవారం, ఉదయం 9:48

ఎత్తాల్సిందే, తప్పేం లేదు. ఒక్క విషయం. బోస్టన్‌లో ఈథర్ మత్తు ఇచ్చి నలుగురి ముందు ఆపరేషన్ చేసింది 1846 అక్టోబర్ 16న. లుడ్విగ్ డ్రమ్ము తిరిగింది రెండు నెలల తర్వాత. అప్పటికి మనుషులకే మత్తు కొత్త. సాకుగా చెప్పట్లేదు, కాలం ఏమిటో చెబుతున్నా.

లైప్‌జిగ్_అమ్మాయి
మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను లైప్‌జిగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, మాది తెనాలి. ఇక్కడ లీబిగ్ వీధిలో యూనివర్సిటీ ఆస్పత్రుల మధ్య శరీరధర్మశాస్త్ర విభాగానికి ఆయన పేరే ఉంది: కార్ల్ లుడ్విగ్ ఇన్‌స్టిట్యూట్. జర్మన్లు పలికేది 'లూట్విష్' అన్నట్టు వినిపిస్తుంది, మనకి లుడ్విగ్ చాలు. కైమోగ్రాఫ్‌లో 'కైమ' అంటే గ్రీకులో అల.

ఎందుకు_కాదు గారూ, మీకొక చిక్కుముడి. ఈ మనిషే ఏళ్ళ తరబడి లైప్‌జిగ్ జంతు సంరక్షణ సంఘానికి అధ్యక్షుడు. ప్రయోగం జంతువు మీద చేస్తాడు, బండి గుర్రాన్ని కొడితే ఊరుకునేది లేదనే సంఘాన్ని నడుపుతాడు. రెండూ ఒకే మనిషి. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో మీ ఇష్టం.

జీవితం క్లుప్తంగా: 1816 డిసెంబర్ 29న కాసెల్ దగ్గర విట్సెన్‌హౌసెన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి నెపోలియన్ యుద్ధాల్లో పనిచేసిన గుర్రపు దళం అధికారి. కుర్రాడు మార్బుర్గ్‌లో మెడిసిన్‌లో చేరి, కత్తి పోటీలు, రాజకీయాలు తలకెత్తుకున్నాడు. పై పెదవి మీద గాటు మచ్చ జీవితాంతం ఉండిపోయింది. యూనివర్సిటీ వాళ్ళు బయటికి పంపారు. ఎర్లాంగెన్, బాంబెర్గ్ తిరిగి మళ్ళీ మార్బుర్గ్‌కే వచ్చి డాక్టరయ్యాడు. రెండో_అటెంప్ట్ గారూ, మీ పేరు చూసి ఇది ప్రత్యేకంగా రాశాను :)

1849లో జూరిచ్, 1855లో వియన్నాలో మిలటరీ డాక్టర్లను తయారుచేసే యోసెఫినుమ్, 1865లో లైప్‌జిగ్. ఇక్కడే 1895 దాకా, అంటే పోయేదాకా. 1869లో ఆయన కోసం కట్టిన ఇన్‌స్టిట్యూట్‌లో ఒక వైపు భౌతిక ప్రయోగాలు, ఒక వైపు రసాయనం, ఒక వైపు మైక్రోస్కోపు పనులు. ఒకే కప్పు కింద మూడూ పెట్టడం అప్పట్లో కొత్త.

రెండో_అటెంప్ట్
మంగళవారం, మధ్యాహ్నం 1:34

అక్కా 😂 ఆ పేరు పెట్టుకున్నది నీట్ రెండోసారి రాసినందుకు. ఎవర్నీ కత్తితో పొడవలేదు.

పీహెచ్‌డీ_బాధితుడు
మంగళవారం, సాయంత్రం 5:10

నాకు లుడ్విగ్ గురించి తెలిసింది ఒక్కటే, అది విన్న రోజు కళ్ళు చెమర్చాయి. ఆలోచన ఆయనది, ప్రయోగం చాలావరకు ఆయన చేతిమీదే, చివరికి పేపరు రాసేదీ ఎక్కువసార్లు ఆయనే. అచ్చులో పేరు మాత్రం స్టూడెంట్‌ది. ఒక్కోసారి స్టూడెంట్‌ది మాత్రమే. అందుకే ఆయన పేరు మీద వెతికితే పేపర్లు తక్కువ దొరుకుతాయి.

మా గైడు సంగతి రాద్దామనుకున్నాను. వద్దులెండి. మూడో పేపర్లో నా పేరు స్పెల్లింగు తప్పు పడింది, అది కూడా నాలుగో స్థానంలో. అక్కడితో ఆపేస్తా.

లైప్‌జిగ్_అమ్మాయి
మంగళవారం, సాయంత్రం 5:41

నిజమే. బౌడిచ్ అని అమెరికా కుర్రాడు 1869లో ఇక్కడికొచ్చాడు. రాగానే డ్రమ్ము మీద కాలాన్ని దానంతటదే గుర్తుపెట్టే చిన్న ఏర్పాటు తయారుచేస్తే లుడ్విగ్ చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడట. 1871లో కప్ప గుండె మీద బౌడిచ్ పేపరు వచ్చింది. కరెంటు దెబ్బ చాలినంత ఉంటే గుండె పూర్తిగా ముడుచుకుంటుంది, చాలకపోతే అసలు కదలదు, మధ్యరకం లేదు. పుస్తకాల్లో 'ఆల్ ఆర్ నన్' అని చదువుతారే, అది. వరుసగా దెబ్బలిస్తే మొదట్లో గుండె ముడుచుకునే బలం మెట్లలా పెరుగుతూ పోవడం కూడా అందులోనే. పేరు బౌడిచ్‌ది ఒక్కడిదే. ఆయన తిరిగి వెళ్ళి హార్వర్డ్‌లో శరీరధర్మశాస్త్ర ప్రయోగశాల పెట్టాడు.

ఇలా 200 మందికి పైగా వచ్చి నేర్చుకుని వెళ్ళారు. రష్యా నుంచి సెచెనోవ్, పావ్‌లోవ్ (అవును, కుక్క, గంట పావ్‌లోవే, 1880లలో వచ్చాడు), ఇటలీ నుంచి మోసో, డెన్మార్క్ నుంచి క్రిస్టియన్ బోర్, ఇంగ్లండ్ నుంచి గాస్కెల్. మీ పుస్తకంలో పేర్లున్న సగం మంది ఆ మెట్లెక్కినవాళ్ళే.

మసి_డ్రమ్ము గారికి ఒక మాట. అక్కడ సాల్వెన్‌మోజర్ అని ల్యాబు సహాయకుడు ఉండేవాడు, వియన్నా నుంచి లుడ్విగ్‌తో వచ్చినవాడు. చాలా ప్రయోగాల్లో చేతులు లుడ్విగ్‌వీ సాల్వెన్‌మోజర్‌వీ, పేపరు మీద పేరున్న కుర్రాడు పక్కన నిలబడి చూసేవాడు.

మసి_డ్రమ్ము
మంగళవారం, రాత్రి 8:02

ఆయన పేరు ఇంకోసారి రాయమ్మా, డైరీలో రాసుకుంటాను. సాల్వెన్‌మోజర్.

గోదారి_గాలి
మంగళవారం, రాత్రి 9:15

హార్వర్డ్ అన్నారు కాబట్టి, మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు కూడా హార్వర్డే కదా! అంటే లుడ్విగ్ శిష్య పరంపరలో మనవాడు ఉన్నట్టే.

మత్తు_డాక్టర్
మంగళవారం, రాత్రి 9:27

అక్కడ ముడి పెట్టకండి సార్. సుబ్బారావు గారు వెళ్ళింది 1923లో, బౌడిచ్ అప్పటికే పోయాడు. ఈయన పనిచేసింది బయోకెమిస్ట్రీలో. ఊరు ఒకటైనంత మాత్రాన చుట్టరికం కలవదు. ఆయన గొప్పతనం ఆయనకుంది.

గోదారి_గాలి
మంగళవారం, రాత్రి 9:30

సరే, వెనక్కి తీసుకున్నా 🙏

రెండో_అటెంప్ట్
బుధవారం, ఉదయం 7:50

'ఇంకో పని' కింద ఏది చెబితే సార్ పడిపోతారో ఒకటి చెప్పండి.

మత్తు_డాక్టర్
బుధవారం, ఉదయం 8:20

కిడ్నీ. కళ్ళు మూసుకుని కిడ్నీ చెప్పు.

1842లో లుడ్విగ్ అధ్యాపకుడిగా అర్హత కోసం సమర్పించిన సిద్ధాంతం మూత్రం ఎలా తయారవుతుందన్నదాని మీద. అదే ఏడాది లండన్‌లో బౌమన్ మైక్రోస్కోపులో చూసి, కిడ్నీలో సన్నటి రక్తనాళాలు ఉండచుట్టుకుని ఒక గిన్నెలాంటి దాంట్లో కూర్చున్నాయని బొమ్మ గీశాడు. గ్లోమెరులస్ అంటాం. బౌమన్ అనుకున్నది, ఆ ఉండ నీళ్ళు మాత్రమే వదులుతుంది, మలినాల్ని గొట్టాల గోడలే ఊరిస్తాయని.

లుడ్విగ్ లెక్క వేరు. ఆ రోజుల్లో ఒంట్లో ఏది అర్థం కాకపోయినా 'ప్రాణశక్తి' చేస్తుందని చెప్పేసేవాళ్ళు. లుడ్విగ్ మొండిగా, అక్కడ పనిచేసేది ఒత్తిడి అన్నాడు. పంట కాలువకి దిగువన సగం అడ్డు వేస్తే ఏమవుతుంది? ఎగువన నీళ్ళు ఎత్తుకుని గట్టులోంచి పక్క చేలోకి ఊరతాయి. ఉండలోంచి బయటికెళ్ళే నాళం సన్నం, అదే అడ్డు. కాబట్టి ఉండలో ఒత్తిడి పెరిగి, రక్తంలోని నీళ్ళు, ఉప్పులు, చిన్నవన్నీ వడకట్టుకుని బయటికొస్తాయి. పెద్ద ప్రోటీన్లు, రక్తకణాలు లోపలే ఉంటాయి. గుడ్డలో పెరుగు మూటకట్టి వేలాడదీస్తే నీళ్ళు కారి ముద్ద మిగలడం చూశావు కదా. తర్వాత గొట్టం పొడుగునా ఆ నీళ్ళలో చాలా భాగాన్ని చిక్కబడ్డ రక్తం మళ్ళీ లాక్కుంటుందన్నాడు.

ఇప్పుడు మనకి తెలిసిన అంకెలు: నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు, రోజుకి 180 లీటర్లు వడకడతాయి కిడ్నీలు. బయటికొచ్చేది లీటరున్నర. మిగిలినదంతా వెనక్కే. ఈ అంకెలేవీ లేకుండా 25 ఏళ్ళ కుర్రాడు ఊహించాడు.

ఎందుకు_కాదు
బుధవారం, ఉదయం 9:05

ఊహించాడు, సరే. అంతా రైటే అయిందా? నిజం చెప్పండి.

మత్తు_డాక్టర్
బుధవారం, ఉదయం 9:40

కాలేదు. వెనక్కి లాక్కోవడం ఉత్త భౌతిక వ్యవహారం అనుకున్నాడు, అక్కడ తప్పాడు. గొట్టాల కణాలు శక్తి ఖర్చుపెట్టి సోడియం, గ్లూకోజ్ లాంటివాటిని పనిగట్టుకుని లోపలికి తీసుకుంటాయి. బ్రెస్లావ్‌లో హైడెన్‌హైన్ అనే ఆయన లుడ్విగ్‌తో దశాబ్దాలపాటు వాదించాడు, కిడ్నీ జల్లెడ కాదు, ఊరించే గ్రంథి అని. తమాషా ఏమిటంటే పావ్‌లోవ్ లైప్‌జిగ్‌లో లుడ్విగ్ దగ్గరా పనిచేశాడు, బ్రెస్లావ్‌లో హైడెన్‌హైన్ దగ్గరా పనిచేశాడు.

తేలింది లుడ్విగ్ పోయిన 29 ఏళ్ళకి. 1924లో అమెరికాలో వేర్న్, రిచర్డ్స్ అనే ఇద్దరు సన్నటి గాజు సూదిని కప్ప కిడ్నీలోని గ్లోమెరులస్ గిన్నెలోకి గుచ్చి చుక్క ద్రవం తీశారు. అందులో ప్రోటీన్ లేదు, చక్కెర ఉంది. అదే కప్ప మూత్రాశయంలోని మూత్రంలో చక్కెర లేదు. అంటే ముందు వడకట్టింది, దారిలో వెనక్కి తీసుకుంది. మొదటి సగం లుడ్విగ్ చెప్పినట్టే.

నాకు ఆయన మీద గౌరవం పెరిగింది మాత్రం ఇంకోచోట. 1851లో జూరిచ్‌లో లాలాజల గ్రంథికి వెళ్ళే నరాన్ని కరెంటుతో రేపి, ఊరే లాలాజలం ఒత్తిడి కొలిచాడు. అది ధమనిలోని రక్తపోటుకంటే ఎక్కువొచ్చింది! వడపోతే అయితే అలా రాదు. ఎగువ కాలువకంటే పక్క చేలో నీళ్ళు ఎత్తుగా నిలుస్తాయా? కిడ్నీలో ఒత్తిడే అంతా అన్న మనిషే, ఇక్కడ ఒత్తిడి సరిపోదు, నరం ఆజ్ఞతో గ్రంథి తనే ఊరిస్తోందని అచ్చు వేశాడు. తన వాదానికి అడ్డొచ్చే అంకెను దాచుకోలేదు.

కవిటి_కుర్రోడు
బుధవారం, రాత్రి 10:30

కిడ్నీ అన్నారు కాబట్టి అడుగుతున్నా. మాది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం వైపు ప్రాంతం. మా ఊళ్ళో చదువు రాని ముసలమ్మ కూడా క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె) ఎంతమ్మా అంటే పాయింటుతో సహా చెబుతుంది. మా నాన్నకి రెండేళ్ళుగా డయాలసిస్, వారానికి మూడు రోజులు. పలాసలో బెడ్డు పక్కన నాలుగు గంటలు కూర్చోవడం నా డ్యూటీ. మిషను మీద టీఎంపీ అని ఒక అంకె వస్తుంది, పక్కన మిల్లీమీటర్లు అని ఉంటుంది. సిస్టర్‌ని అడిగితే "ప్రెషర్" అంటుంది, ఎవరిదో చెప్పదు. మీరు చెప్పిన కాలువ గట్టు ఊట ఇదేనా?

మూలిక_మహిమ
బుధవారం, రాత్రి 10:48

[ఈ పోస్టు తొలగించబడింది]

గట్టు_మీద (మోడరేటర్)
బుధవారం, రాత్రి 10:55

కషాయం చిట్కా పోస్టు తీసేశాను. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి ఆకు రసాలు, పొడులు ఇక్కడ ఎవరూ సూచించవద్దు. పొటాషియం పెరిగితే ప్రాణం మీదికి వస్తుంది. చర్చ కొనసాగించండి.

కవిటి_కుర్రోడు
బుధవారం, రాత్రి 11:02

థాంక్స్ అన్నా. పొటాషియం గొడవ మాకు బాగా తెలుసు. మాకు కొబ్బరి తోట ఉంది. నాన్న చెట్టెక్కించి అందరికీ బొండాలు కొట్టిస్తాడు, తను మాత్రం తాగకూడదు.

మత్తు_డాక్టర్
గురువారం, ఉదయం 6:15

కవిటి తమ్ముడూ, అవును, అదే. మిషనుకి తగిలించిన ఆ పొడుగాటి గొట్టం లోపల వేల సన్నటి పోగులుంటాయి, సేమ్యా కట్టలా. ప్రతి పోగూ లోపల బోలు. లోపల మీ నాన్నగారి రక్తం, బయట డయాలసిస్ నీళ్ళు. గోడకి ఆ పక్కా ఈ పక్కా ఉన్న ఒత్తిడి తేడాయే టీఎంపీ. ఆ తేడాకే రక్తంలోని ఎక్కువ నీరు గోడలోంచి బయటికొస్తుంది. ప్రోటీన్లు, కణాలు ఆగిపోతాయి. లుడ్విగ్ 1842లో కిడ్నీకి చెప్పిన మాటే ప్లాస్టిక్‌లో పోతపోశారనుకో.

క్రియాటినిన్, యూరియా, పొటాషియం పోయేది ప్రధానంగా ఇంకో దారిలో. ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి వాటంతటవే జరిగిపోతాయి. ఆ జరుగుబాటు వేగానికి 1855లో సూత్రం రాసినవాడు అడాల్ఫ్ ఫిక్. ఆయన ఎవరనుకున్నారు? మార్బుర్గ్‌లో లుడ్విగ్ స్టూడెంట్, జూరిచ్‌లో లుడ్విగ్ సహాయకుడు. గురువుది ఒక దారి, శిష్యుడిది ఒక దారి, రెండూ మీ నాన్నగారి మంచం పక్కన ఒకే గొట్టంలో ఉన్నాయి.

మిషనుకి రాని ముఖ్యమైన పని, వెనక్కి తీసుకోవడం. కిడ్నీ 180 లీటర్లు వదిలి ఏది కావాలో ఏరుకుంటుంది. మిషను ఏరలేదు. అందుకే డయాలసిస్ నీళ్ళలో సోడియం, బైకార్బనేట్ ముందే కొలిచి కలుపుతారు, ఎంత నీరు తీయాలో బరువు చూసి మనిషి చెప్పాలి. రెండు డయాలసిస్‌ల మధ్య నీళ్ళు తక్కువ తాగమని సతాయించేది కూడా అందుకే.

ఎందుకు_కాదు
గురువారం, ఉదయం 8:40

ఈ పోస్టు చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. కుక్కల గురించి నా అభిప్రాయం మారలేదు. కానీ ఇది కూడా కాదనలేను. కప్పల విషయమైనా నయం, ఇప్పుడు కాలేజీల్లో కంప్యూటర్ మీద చూపిస్తున్నారట కదా?

మసి_డ్రమ్ము
గురువారం, ఉదయం 10:10

అవునండీ, నా సర్వీసు చివర్లోనే కప్పలు ఆగిపోయాయి. అంతకుముందు తొలకరి పడగానే ఒకతను తడి గోనెసంచిలో తెచ్చేవాడు. తొట్టిలో వేసి పైన వల కప్పేవాళ్ళం. రాత్రి వానొస్తే ల్యాబంతా బెకబెక, వాచ్‌మన్ తిట్టుకునేవాడు. పొద్దున వాటినే తీసి పిల్లల బల్లల మీద పెట్టేవాణ్ణి. మీరన్నది నాకూ మనసులో ఉండేది. కంప్యూటర్ వచ్చాక ఒక సంగతి చూశాను, గీత ప్రతిసారీ ఒకేలా వస్తుంది. కప్పతో అయితే ఒక్క గీతా ఇంకోదానిలా ఉండేది కాదు, ఎందుకలా వచ్చిందో పిల్లలు కొట్టుకునేవాళ్ళు.

లైప్‌జిగ్_అమ్మాయి
గురువారం, మధ్యాహ్నం 3:25

'ప్రాణశక్తి' మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క కలుపుతా. 1847లో లుడ్విగ్ బెర్లిన్ వెళ్ళి ముగ్గురు కుర్రాళ్ళని కలిశాడు: హెల్మ్‌హోల్ట్స్, డ్యూ బోయ్ రేమోన్, బ్ర్యూకె. ముగ్గురూ బెర్లిన్ ప్రొఫెసర్ యోహానెస్ ముల్లర్ శిష్యులు. అందరూ ముప్పై ఏళ్ళ లోపువాళ్ళు, మనవాడికే అప్పుడప్పుడే నిండాయి. శరీరంలో జరిగేదంతా భౌతిక, రసాయన నియమాలతోనే వివరించాలన్నది నలుగురి పంతం. జీవితాంతం స్నేహితులుగానే ఉన్నారు. 1852లో మొదటి భాగం వచ్చిన తన పాఠ్యపుస్తకాన్ని లుడ్విగ్ ఆ ముగ్గురికే అంకితమిచ్చాడు.

రెండో_అటెంప్ట్
శుక్రవారం, సాయంత్రం 6:20

అప్‌డేట్. ఇవాళ సార్ రూముకెళ్ళి "సార్, లుడ్విగ్ ఇంకో పని" అన్నాను. చదువుతున్న పేపరు పక్కన పెట్టారు. కాలువ, గట్టు, అడ్డు అంతా బోర్డు మీద గీశాను. చివర్లో లాలాజలం సంగతి కూడా చెప్పాను. సార్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే ఊపిరి పీలిస్తే మామూలు మనిషిలో బీపీ పెరుగుతుందా, తగ్గుతుందా? ఎందుకు? సోమవారం చెప్పు" అన్నారు. ఈయన వదిలే రకం కాదు.

కవిటి_కుర్రోడు
శుక్రవారం, సాయంత్రం 7:05

ఇవాళ నాన్న డయాలసిస్ అయింది. 2 లీటర్ల 400 తీశారు. మధ్యలో నాన్న చెయ్యి మడిస్తే అలారం మోగింది, సిస్టర్ వచ్చి చెయ్యి సాపు చేసి వెళ్ళింది. టీఎంపీ గురించి నాన్నకి చెప్పాను. "అయితే ఇది మన చెరువు గట్టు లాంటిదే కదరా" అన్నాడు. డాక్టర్ గారి కాలువ ముక్క నేనింకా చెప్పనే లేదు.

మసి_డ్రమ్ము
శుక్రవారం, రాత్రి 9:40

రెండో_అటెంప్ట్ బాబూ, ఒక సాయం చెయ్యి. మీ ల్యాబు బీరువాలో ఉన్న డ్రమ్ము కింద స్పీడు మార్చే పళ్ళ చక్రాలుంటాయి. ఏడాదికోసారైనా వాటికి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వెయ్యమని అక్కడి టెక్నీషియన్‌కి చెప్పు. వాడకపోయినా సరే, లేకపోతే పట్టేస్తాయి.